రుద్రమదేవి ఆహార్యము

భరతముని అభినయమును నాలుగు విధములుగా విభజించెను. ఆంగికము, వాచికము, సాత్త్వికము అను మూడును నటుని శరీరమునకును, కంఠమునకును, మనస్సునకును సంబంధించినవి. నాలుగవది ఆహార్యము. అది నటునకు వెలుపలినుండి వచ్చి చేరునది. వస్త్రము, ఆభరణము, కేశాలంకారము, ముఖమునకు పూయు రంగు, ఇవి యన్నియు ఆహార్యమే. నటుడు నోరు విప్పక పూర్వమే అది మాటలాడ మొదలిడును. తెర తొలగిన క్షణముననే ప్రేక్షకుడు ‘వీడు రాజు, వీడు బంటు, ఈమె రాణి, ఈమె దాసి’ అని గుర్తించుచున్నాడన్న, అది వస్త్రముల మహిమయే.

కల్పిత కథలకు ఆహార్యము సమకూర్చుట కొంత సులభము. ఊహకు తోచిన రంగులను, అందమునకు తగిన నగలను ఏర్చుకొనవచ్చును, కాదనువారుండరు. చారిత్రక కథ అట్టిది కాదు. అందలి మనుష్యులు నిజముగా బ్రదికినవారు. వారికి నచ్చిన వస్త్రములు కొన్ని యుండెను. వారికి తెలియని వస్త్రములు మరికొన్ని యుండెను. వాటిని కనుగొని నటులకు ధరింపజేయుట ఆహార్యకర్త పని. నేటి వాడుకలో ఇతనినే కాస్ట్యూమ్ డిజైనరు అందురు.

కాకతీయ రుద్రమదేవి కథ ఇందుకు మంచి ఉదాహరణము. 2015వ సంవత్సరము అక్టోబరు నెలలో గుణశేఖర్ దర్శకత్వమున ‘రుద్రమదేవి’ అను చలనచిత్రము విడుదల యయ్యెను. అనుష్క రుద్రమగా నటించిన ఆ చిత్రమునకు నీతా లుల్లా వస్త్రములను రూపొందించెను. 2021లో ఆ కథయే తెలుగు టెలివిజనులో ధారావాహికగా కూడ ప్రసారమయ్యెను. రుద్రమదేవి శాసనములను చదివినవారు తెలుగు దేశమున కొద్దిమంది మాత్రమే. చిత్రమును చూచినవారు లక్షల కొలది. ఆ లక్షల మంది మనస్సులలో రాణి రూపము తెర మీద కనబడినట్లే నిలిచిపోవును. చరిత్ర గ్రంథములోని తప్పును మరొక గ్రంథము దిద్దగలదు. కంటిలో నాటుకొన్న తప్పును దిద్దుట మిక్కిలి కష్టము.

ఇంతకును రుద్రమదేవి ఎట్టి వస్త్రములను ధరించెను? ఈ ప్రశ్నకు సూటిగా సమాధానము చెప్పగల చీర గాని, పంచె గాని నేడు కనబడదు. నూలును పట్టును ఏడువందల యేండ్లు మన వానలకును, ఉక్కపోతకును, చెదలకును తట్టుకొని నిలువజాలవు. ఈజిప్టు దేశమున ఫుస్తాత్ అను ప్రాచీన నగరపు శిథిలములలో, ఎండిన ఇసుకలో, గుజరాతు ప్రాంతమునుండి ఓడలలో వెళ్లిన అద్దకపు గుడ్డల ముక్కలు శతాబ్దముల తరువాత కూడ దొరికినవి. ఓరుగంటి నేలకు అట్టి భాగ్యము లేదు. కావున ఆహార్యకర్త వస్త్రమును వెదకక, వస్త్రమును చూచిన సాక్షులను వెదకవలెను. శిల్పము ఒక సాక్షి. కావ్యము ఒక సాక్షి. శాసనము ఒక సాక్షి. విదేశ యాత్రికుడు మరియొక సాక్షి. వీరిలో ఏ ఒక్కరును కథనంతయు చెప్పరు.

సాక్షులను విచారింపని కాలము కూడ ఒకటి యుండెను. తెలుగు నాటక రంగమున చిరకాలము రాజు వేషమనగా మఖమలు కోటు, దాని మీద జిగేలుమను చెమ్కీ పని, తలపై అట్టతో చేసి బంగారు కాగితము అంటించిన కిరీటము. పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున పారసీ నాటక సమాజములును, ధార్వాడ నాటక సమాజమును మన నాట ప్రదర్శనములిచ్చినవి. వారి తళుకుబెళుకులు మన నాటకములను ఆకర్షించెను. 1894లో స్థాపితమైన రవివర్మ ముద్రణాలయమునుండి వెలువడిన దేవతల చిత్రపటములు ఇంటింట వెలసి, పౌరాణిక పాత్రల వేషమునకు మాదిరులయ్యెను. 1885లో కడప జిల్లాలోని సురభి గ్రామమున పుట్టిన సురభి నాటక సమాజము వంటి సంచార సమాజములు పెట్టెలతో ఊరూర తిరుగుచుండెను. రాముడైనను, హరిశ్చంద్రుడైనను, ప్రతాపరుద్రుడైనను ఆ పెట్టెలో నున్న వస్త్రములనే ధరింపవలెను గదా!

దీనిని తప్పుపట్టుట న్యాయము కాదు. గ్యాసు దీపముల వెలుతురులో, దూరమున చాప మీద కూర్చున్న ప్రేక్షకునకు రాజు రాజువలె కనబడవలెనన్న మెరపు కావలసినదే. అయినను ఆ మెరపునకు కన్నులు అలవాటుపడెను. కాకతీయ ప్రభువునకు కుట్టిన మఖమలు కోటు తొడిగిన యెడల, నాలుగు శతాబ్దుల తరువాతి దర్బారు దుస్తులను అతని ఒంటి మీద పెట్టినట్లగునని ఆలోచించినవారు అరుదు. విచిత్రమేమనగా, భాష విషయమున ఈ ఆలోచన మన నాటకకర్తలకు ముందే కలిగెను. వేదము వేంకటరాయ శాస్త్రి 1897లో రచించిన ‘ప్రతాపరుద్రీయము’ కాకతీయుల కథయే. అందు ఏ పాత్రకు ఏ భాష తగునో ఆ భాషనే ఆయన పలికించెను. దానికి పాత్రోచిత భాష యని పేరు. పాత్రోచితమైన వేషము గూర్చిన పట్టుదల మాత్రము మన రంగస్థలమున ఆలస్యముగా వచ్చెను.

ఈ పొరపాటు తెలుగువారిదే కాదు. బ్రిటను ద్వీపమునకు ఉత్తరమున స్కాట్లండు అను దేశము కలదు. ఓరుగల్లున ప్రతాపరుద్రుడు పాలించుచున్న దినములలోనే అచ్చట విలియం వాలెస్ అను వీరుడు ఇంగ్లండు రాజుతో పోరాడి, 1305లో మరణశిక్ష పొందెను. 1995లో అతని కథ ‘బ్రేవ్‌హార్ట్’ అను చిత్రముగా వచ్చెను. అందు వాలెస్‌యు, అతని అనుచరులును నడుమునకు పట్టీ బిగించి కట్టిన గళ్ల ఉన్ని వస్త్రము ధరింతురు. ముఖమునకు నీలి రంగు పూసికొందురు. ఆ కట్టుబాటునకు స్పష్టమైన ఆధారము పదునారవ శతాబ్ది చివర గాని కనబడదు. నీలి రంగు పూసికొను ఆచారము రోమనుల కాలపు ప్రాచీన జాతులది. అనగా వస్త్రము మూడువందల యేండ్లు ముందుగా వచ్చినది. ముఖమున రంగు వేయి యేండ్లు వెనుకబడి వచ్చినది. అయినను లోకమున అనేకులకు వాలెస్ అనగా ఆ నీలి ముఖమే జ్ఞాపకము వచ్చును.

అదే దేశమును గూర్చి 2014లో ప్రారంభమైన ‘అవుట్‌లాండర్’ అను టెలివిజను ధారావాహిక పదునెనిమిదవ శతాబ్ది నడిమి కథను చెప్పెను. దానికి టెర్రీ డ్రెస్‌బాక్ అను ఆమె వస్త్రములను రూపొందించెను. ఆ కాలమునకు గళ్ల వస్త్రము సరియైనదే. అది మన పంచెవలె, చీరవలె కుట్టులేని పొడవైన వస్త్రము. ధరించువాడు దానిని నేల మీద పరచి, కుచ్చెళ్లు పెట్టి, నడుమునకు తోలు పట్టీ బిగించి, మిగిలిన భాగమును భుజము మీదికి లాగుకొనును. పగలు అది దుస్తు. రాత్రి అదే దుప్పటి. ఆ వస్త్రమునకు ఎంతటి గౌరవముండెననగా, 1746లో కల్లోడెన్ యుద్ధమున కొండ ప్రాంతపు వారిని ఓడించిన ప్రభుత్వము వారి దుస్తులను కూడ చట్టముచే నిషేధించెను. ఆ నిషేధము 1782 వరకు తొలగలేదు. ఒక్కొక్క వంశమునకు ఒక్కొక్క గళ్ల నమూనా యను నియమము మాత్రము అనాదినుండి వచ్చినది కాదు. అది చాల వరకు 1822లో జార్జి రాజు ఎడింబరో నగరమునకు వచ్చినప్పటి ఉత్సవముల తరువాత స్థిరపడినది. ‘మా తాతముత్తాతల నాటిది’ అని జనులు నమ్ము వస్త్రము కొన్ని సమయములందు తాతగారి నాటిది మాత్రమే యగుట కలదు.

ఇక కాకతీయ సీమకు వత్తము. రఘునాథపల్లి గ్రామమున ఒక పాఠశాలలో రుద్రమదేవి నాటకమును ప్రదర్శింపదలచిరని యనుకొనుడు. రఘునాథపల్లి సికింద్రాబాదునుండి కాజీపేటకు పోవు రైలు మార్గము మీద జనగామ దాటిన పిదప వచ్చును. 2016 వరకు వరంగల్లు జిల్లాలోను, అటుపిమ్మట జనగామ జిల్లాలోను చేరినది. ఈ గ్రామము వారికి ఆహార్యమునకు ఆధారములు వెదకుటకు దూర ప్రయాణము లక్కరలేదు. ఒకవైపు పాల్కురికి సోమనాథుని ఊరుగా ప్రసిద్ధి కెక్కిన పాలకుర్తి కలదు. మరొకవైపు పాత శిల్పములను భద్రపరచిన కొలనుపాక కలదు. జనగామ చెంతనే ఇత్తడి రేకు పనికి పేరొందిన పెంబర్తి యున్నది. రైలెక్కి తూర్పునకు పోయినచో ఓరుగంటి కోటయే ఎదురగును.

అన్నింటికంటె ముందు చూడదగినది పాలంపేటలోని రామప్ప దేవాలయము. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో దీనిని నిర్మింపజేసెను. 2021లో యునెస్కో సంస్థ దీనిని ప్రపంచ వారసత్వ కట్టడముగా గుర్తించెను. దేవాలయపు చూరు క్రింద నల్లరాతిలో మలచిన నిలువెత్తు మదనికలు కలవు. ఈ స్త్రీమూర్తులను చూచిన ఆహార్యకర్తకు కన్నుల పండువు. నడుమున మొలనూలు, దానినుండి వ్రేలాడు ముత్యాల సరములు, చేతులకు దండకడియములు, కాళ్లకు అందెలు, చెవులకు పెద్ద కమ్మలు, వెనుకకు గాని ప్రక్కకు గాని ముడిచిన కొప్పు, ఇవి యన్నియు లెక్కపెట్టి గీసికొనవచ్చును. ఒక మూర్తి చీర కొంగును కోతి లాగుచున్నది. ఆమె దానిని పట్టుకొని పెనుగులాడుచున్నది. శిల్పి దానిని వేడుకకు చెక్కి యుండును గాని, ఆహార్యకర్తకు అది గొప్ప పాఠము. బట్ట ఎచ్చట ముడిపడినది, ఎచ్చట వదులైనది, లాగినప్పుడు ఏ వైపునకు మడతలు పడునది అచ్చట కనబడును. మరొక మూర్తి పాదములకు ఎత్తు మడమల పాదరక్షలు కలవు. ఎత్తు మడమలు నేటి నాగరికత యని తలచువారు ఆ శిల్పము నొకసారి చూచి రావలెను.

కాని శిల్పమును ప్రశ్నించునప్పుడు జాగ్రత్త యవసరము. మొదటి సంగతి, రాతికి రంగు లేదు. మదనిక కట్టినది ఎఱ్ఱని చీరయో, నీలి చీరయో రాయి చెప్పదు. రెండవది, రాతికి బరువు తెలియదు. పలుచని నూలు వస్త్రమును, దళసరి పట్టును ఉలి ఒకే తీరున గీయును. మూడవది అన్నింటికంటె ముఖ్యము. ఆ మూర్తులు దేవతలవి, అప్సరసలవి, నర్తకులవి. సంతలో ఉప్పు కొనుచున్న ఇల్లాలి మూర్తులు కావు. శిల్పశాస్త్ర నియమము ప్రకారము దేవతాస్త్రీలకు పైవస్త్రము లేకుండ చెక్కుట శిల్పుల సంప్రదాయము. దానిని బట్టి రాణి కొలువుకూటమున అట్లే కూర్చుండెననుట, పటములో లక్ష్మీదేవి తామరపువ్వులో నిలుచున్నది గావున ఆనాటి స్త్రీలు తామరపువ్వులలో నిలుచుండిరనుట వంటిది. ఇంతకు తోడు రామప్ప గుడి గణపతిదేవుని కాలము నాటిది. రుద్రమ పాలించినది 1262 మొదలు 1289 వరకు. నడుమ అర్ధశతాబ్దము గడచినది.

రాయి చెప్పనిదానిని పుస్తకము కొంత చెప్పును. పాల్కురికి సోమనాథుని ద్విపద కావ్యములలో ఆనాటి వస్త్రముల పేర్లు పుంఖానుపుంఖముగా వచ్చును. వెంజావళి, మంచుపుంజము, మహాచీని, క్షీరోదకము, ఇట్లు చదువుచుండగా అంగడిలో నిలుచున్నట్లే యుండును. సురవరం ప్రతాపరెడ్డి తన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో ఇట్టి ఆధారములను సేకరించి ఆనాటి జీవనమును వర్ణించెను. 1955లో సాహిత్య అకాడమీ తెలుగునకు ఇచ్చిన మొదటి బహుమతి ఆ గ్రంథమునకే దక్కినది. అయితే ఇచ్చట చిక్కు తారుమారైనది. రాతిలో రూపమున్నది, పేరు లేదు. కావ్యములో పేరున్నది, రూపము లేదు. ‘మంచుపుంజము’ అనగా మంచువలె తెల్లనిదో, మంచువలె పలుచనిదో, ఆ రెండునో పాఠకుడు ఊహింపవలసినదే. ‘క్షీరోదకము’ పాల రంగుదని పేరును బట్టి తోచును. ‘మహాచీని’ యను పేరు చీనా దేశమును తలపింపజేయును. అది వట్టి కవి కల్పన కాదనుటకు మోటుపల్లి శాసనము తోడ్పడును. గణపతిదేవుడు 1244–45లో సముద్ర వ్యాపారులకు అభయమిచ్చుచు వేయించిన ఆ శాసనములో, సుంకము చెల్లింపవలసిన సరకులలో కర్పూరము, ముత్యములు, పన్నీరు మొదలగువానితోపాటు పట్టునూలు కూడ చేరినది. కావున రుద్రమదేవి కొలువున పట్టు వస్త్రము కనబడుట తప్పు కాదు.

నూలు మాటకు వచ్చిన, వెనీసు యాత్రికుడు మార్కోపోలో సాక్ష్యము కలదు. పదమూడవ శతాబ్ది చివర తన యాత్రలో విన్నవియు కన్నవియు చెప్పుచు, అతడు మోటుపల్లి రాజ్యమున తయారగు సన్నని వస్త్రములను సాలెగూటి దారములతో పోల్చెను. ఏ దేశపు రాజైనను, రాణియైనను వాటిని ధరించుటకు ఇష్టపడుదురని మెచ్చుకొనెను. ఆ రాజ్యమును పాలించు స్త్రీ న్యాయము తప్పనిదని కూడ అతడు పొగడెను. అయితే ఆమెను భర్త మరణానంతరము పాలించిన రాణిగా భావించెను. రుద్రమ గణపతిదేవుని కుమార్తె యను సంగతి అతనికి తెలియదు. వస్త్రమును గూర్చి వ్యాపారి చెప్పిన మాటను నమ్మవచ్చును. వంశవృక్షమును గూర్చి చెప్పిన మాటను అంతగా నమ్మరాదు.

నృత్య సన్నివేశములకు మరొక నిధి కలదు. గణపతిదేవుని గజసేనాని జాయపసేనాని 1253–54లో ‘నృత్తరత్నావళి’ అను సంస్కృత గ్రంథమును రచించెను. అందు పేరిణి మొదలైన దేశి నృత్యముల వివరములు కలవు. ఇరువదవ శతాబ్దిన నటరాజ రామకృష్ణ ఈ గ్రంథమును, రామప్ప శిల్పములను ప్రక్కప్రక్కన పెట్టి పరిశీలించి పేరిణి నృత్యమును పునరుద్ధరించెను. పుస్తకమును శిల్పముతో సరిచూచుకొనుట యను పద్ధతికి ఇంతకంటె మంచి ఉదాహరణము తెలుగు నాట దొరకుట కష్టము. వినుకొండ వల్లభరాయని పేర ప్రసిద్ధమైన ‘క్రీడాభిరామము’లో ఓరుగంటి వీథుల వర్ణన మనోహరముగా నుండును. కాని అది కాకతీయ రాజ్యము అంతరించిన తరువాతి రచన. దానిని పెద్దలు చెప్పిన జ్ఞాపకముగా తీసికొనవలెనే గాని, కన్నులతో చూచిన సాక్ష్యముగా కాదు.

ఆకారము తేలిన పిదప రంగు సమస్య వచ్చును. పిల్లలమఱ్ఱి నామేశ్వరాలయము వంటి కొన్ని చోట్ల కాకతీయుల నాటి వర్ణచిత్రముల జాడలు మిగిలినవి గాని, అవి బహుస్వల్పము. అందువలన ఆహార్యకర్త చిత్రమును వదలి రంగులవాని కుండను చూడవలెను. 1856లో ఇంగ్లండున పెర్కిన్ అను యువకుడు బొగ్గు కీలునుండి ఊదారంగును తయారు చేయు వరకు లోకమున వస్త్రముల రంగులన్నియు చెట్లు, ఖనిజములు, పురుగులు ఇచ్చినవే. తెలుగు నాట నీలిమందు చెట్టు నీలము నిచ్చెను. చిరివేరు ఎఱుపు నిచ్చెను. పసుపు కొమ్ము పసుపు నిచ్చెను. ఇనుప తుప్పును బెల్లపు నీటిలో పులియబెట్టి నలుపును తీసిరి. కరక్కాయ, పటిక రంగును నూలుకు పట్టించెను. ఈ రంగులు కాంతిమంతములే గాని కన్నులను పొడుచునవి కావు. రాణికి మిరుమిట్లు గొలుపు గులాబి రంగు చీర కట్టినచో, ఎంత శ్రద్ధతో కుట్టినను అది పందొమ్మిదవ శతాబ్దికి ఇవతలి చీరయే యగును.

నేతలోను ఇట్టి ఉచ్చులు కలవు. రఘునాథపల్లి వారికి చేనేత పట్టు అనగానే పోచంపల్లి గుర్తుకు వచ్చుట సహజము. పోచంపల్లి చిటికి నేత అందమునకు సాటి లేదు. కాని ఆ ఊర ఆ నేత మొదలైనది ఇరువదవ శతాబ్ది తొలి దశకములలో. దానిని రుద్రమదేవికి కట్టుట చరిత్ర దృష్ట్యా సరిపడదు. పాలియెస్టరు వస్త్రము మరింత దూరము. అది 1941 నాటికి గాని పుట్టలేదు. చౌకగా దొరకునని దానిని వాడిన యెడల తెర మీద వెంటనే బయటపడును. దాని మెరపు పట్టు మెరపువలె మెత్తనిది కాదు. దాని మడత నూలు మడతవలె జారదు. చేతితో వడికిన దారములో అచ్చటచ్చట సన్నము, లావు కలియుచుండును. ఆ మాత్రపు ఎగుడుదిగుడే వస్త్రమునకు పాతకాలపు నడక నిచ్చును. పూర్వము నాటక ప్రేక్షకుడు దూరమున నుండెను. నేటి కెమెరా నటుని చెక్కిలి ప్రక్కకు వచ్చి కూర్చున్నది. దానికి దారము కూడ కనబడును. కొలువు అలంకరణలో బంతిపూల దండలు వ్రేలాడదీయుట కూడ ఇట్టిదే. బంతి అమెరికా ఖండమునుండి వచ్చిన పువ్వు. కాకతీయులు దానిని చూచి యెరుగరు. మల్లెలు, తామరలు, సంపెంగలు ఉండగా దాని అవసరమేమి?

ఆభరణములకు పెంబర్తి వారి విద్య ఉపకరించును. అచ్చటి విశ్వకర్మలు ఇత్తడి, రాగి రేకులను కరగించి పోయక, రేకునే కొట్టి, వెనుకనుండి ఉబ్బెత్తుగా తీర్చి నకాసు చెక్కుదురు. దేవాలయముల వాహనములకు, తలుపులకు తొడుగులు చేయుటలో వారికి తరతరముల అనుభవము కలదు. రేకు పని యగుటచే నగ పెద్దదిగా కనబడినను తేలికగా నుండును. పోతపోసిన కిరీటమును మూడు గంటలు తలపై మోసిన నటునకు మెడ నొప్పి తప్ప అభినయము మిగులదు.

రాజులను, రాణులను అలంకరించుటలో నిమగ్నులైనవారు ఒక సంగతిని మరతురు. రాజ్యమున రాజు ఒక్కడే. తక్కిన వారందరు రైతులు, బంట్లు, నేతగాండ్రు, కాపరులు. పొలమున దున్నువానికి మోకాళ్ల పైకి బిగించిన ముతక పంచె, తలకు పాగ, చలికాలమున గొంగడి చాలును. ఇవి క్రొత్తగా మడత విప్పినట్లు తళతళలాడరాదు. అందుచేత పెద్ద చిత్రములలో వస్త్రములను ముసలివానిగా చేయు పని యొకటి యుండును. బట్టను పలుమార్లు ఉతుకుదురు, ఎండలో వేయుదురు, మోచేతులు, మోకాళ్లు తగులు చోట్ల ఇసుక కాగితముతో రుద్దుదురు, అంచులకు మట్టి పట్టింతురు. యుద్ధ సన్నివేశమునకు ఒకే వస్త్రమును నాలుగైదు ప్రతులు చేయింతురు: యుద్ధమునకు ముందు ధరించునది యొకటి, దుమ్ము పట్టినది యొకటి, చిరిగినది యొకటి, నెత్తురు మరకలది యొకటి. చిత్రీకరణము కథా క్రమమున జరుగదు. చివరి దృశ్యము మొదట తీయుట కలదు. కావున ఏ దృశ్యమున ఏ ప్రతి యను పట్టిక లేకున్నచో గాయపడిన సేనాని మరునిమిషమున మల్లెపువ్వువంటి పంచెతో ప్రత్యక్షమగును.

ఇన్ని విచారించిన పిదప రుద్రమదేవి కట్టుబడి మరల ఎదుటికి వచ్చును. ఆమె తన కాలపు శాసనములలో ‘రుద్రదేవ మహారాజు’ అని పురుష నామముతో పేర్కొనబడెను. ఆమె బిరుదములలో రాయగజకేసరి యొకటి. శత్రురాజులను ఏనుగులకు ఆమె సింహమని దాని భావము. ఓరుగంటి స్వయంభూ దేవాలయ మండపమునకు చెందిన శిల్పములలో, కత్తియు డాలును ధరించి సింహమును అధిరోహించిన వీరనారి రూపము కలదు. ప్రక్కన తామరను పట్టిన ఏనుగు తొండము చెక్కియున్నది. ఆ బిరుదమునకు అది రూపమని పండితులు చెప్పుదురు. అనగా ఆమె తనను గూర్చి జనులు ఎట్లు తలచవలెనని కోరెనో ఆ రాయి చెప్పుచున్నది. ఆమె దినదినము ఏమి కట్టెనో చెప్పుట లేదు.

ఇచ్చట ఆహార్యకర్త తన నిర్ణయము తానే చేసికొనవలెను. గుఱ్ఱమెక్కు రాణికి జీరాడు కుచ్చెళ్లు పనికిరావు. కాళ్ల నడుమనుండి వెనుకకు దోపిన కచ్చకట్టు స్త్రీపురుషులకు ఇరువురికిని అలవాటైనదే గావున అది తగియుండును. పైన కంచుకము తొడుగుట ఉచితము. ఆ మాట ప్రాచీన కావ్యములలో కలదు. యుద్ధమున ఆయుధ రక్షకు తోలు కవచమో, లోహ కవచమో కావలెను. కొలువున పురుష రాజు చిహ్నములను ధరింపజేయవలెనా, రాణి ఆభరణములనే యుంచవలెనా యనునది కథ చెప్పు తీరును బట్టి యుండును. తెలిసినంత వరకు సాక్షులను అనుసరించుట, తెలియనిచోట ఆ కాలమునకు విరుద్ధము కానిదానిని ఊహించుట, ఈ రెంటిలో ఏది ఎచ్చట చేసినది తన పుస్తకమున వ్రాసికొనుట, ఇవి శ్రద్ధగల ఆహార్యకర్తలు పాటించు పద్ధతులు. ఏ చిత్రమును ఏ లోపము లేక తయారైనదని చెప్పుట కష్టము. కాని బట్ట ముక్క యొకటి, దాని ప్రక్కన ‘రామప్ప, దక్షిణపు మదనిక’ అనియో, ‘ఊహ’ అనియో వ్రాసిన మాట యొకటి గల పుస్తకము ఎవరి చేతనైన నున్నచో, వారి పనిని ఇతరులు పరీక్షింపవచ్చును, సరిదిద్దవచ్చును.

రుద్రమదేవి చివరి దృశ్యమునకు ఊహయే మిక్కిలి అవసరము. నల్లగొండ ప్రాంతమున చందుపట్ల గ్రామములో 1289వ సంవత్సరము నవంబరు 27వ తేదీ నాటి శాసన మొకటి దొరికినది. పువ్వుల ముమ్మడి యను బంటు దానిని వేయించెను. రుద్రమదేవియు, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడును శివసాయుజ్యము పొందిరని చెప్పి, వారి పుణ్యము కొరకు దేవునికి భూమిని దానమిచ్చెను. ఆమె అంబదేవునితో జరిగిన పోరులో మరణించియుండునని చరిత్రకారుల అభిప్రాయము. ఆ దినమున రాణి ఒంటి మీద నున్నది రాజవస్త్రమో, దారిలో దుమ్ముకొట్టుకొన్న దండయాత్ర వస్త్రమో శాసనము చెప్పలేదు. దీర్ఘకాలము రాజ్యమేలిన స్త్రీ, పాళెములో, చలిలో నున్నది. ఆ దృశ్యమును తీయదలచిన ఆహార్యకర్త మెరపు నగలను పెట్టెలోనే యుంచి, పలుమార్లు ఉతికి మెత్తబడిన నూలు వస్త్రమును, దాని మీద కప్పుకొనుటకు ఒక ఉన్ని శాలువను వెదకవలసి యుండును.